విని పియానో వాయించడం

స్వరలిపి కాగితం ఎదురుగా పెట్టుకోకుండా, విన్న పాటను చెవితో పట్టుకుని వేళ్లతో పలికించడమే విని వాయించడం. బాణీ, లయ, అడుగున నడిచే బేస్, వాటిని కలిపే కార్డ్స్, అన్నిటినీ ఇక్కడ విని తేల్చుకోవాలి. ప్రపంచంలోని సంగీత సంప్రదాయాల్లో చాలా భాగం ఇలాగే తరం నుంచి తరానికి అందాయి. పియానో పుట్టిన ఐరోపాలో మాత్రం 19వ శతాబ్దంలో కాగితం చదవడమే అసలు చదువు, విని వాయించడం కాలక్షేపం అనే అభిప్రాయం బలపడింది. ఇందుకు విరుద్ధమైన అపోహ మరొకటి ఉంది: ఇది పుట్టుకతో రావలసిన వరమనీ, లేనివాళ్లు ఎంత తంటాలు పడ్డా రాదనీ. రెండూ నిలబడవు. దీనికి ముఖ్యంగా కావలసింది ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ ఉన్న దూరాన్ని గుర్తుపట్టే చెవి. అది సాధనతో వచ్చేదే. రాగాలూ సినిమా పాటలూ వింటూ పెరిగిన తెలుగు చెవికి ఇందులో సగం పని ముందే అయిపోయి ఉంటుంది. మిగతా సగం కొత్తగా నేర్చుకోవలసిందే.

వాయిద్యం, మెట్లు

ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో బార్తొలొమెయో క్రిస్టొఫొరి 1700 ప్రాంతంలో తయారుచేసిన వాయిద్యం నుంచి నేటి పియానో వచ్చింది. ఇప్పటి పూర్తి పియానోకు 88 మెట్లు. తెల్లవి 52, నల్లవి 36. పన్నెండు మెట్లకొకసారి అదే అమరిక మళ్లీ వస్తుంది. ఆ పన్నెండూ మన పన్నెండు స్వరస్థానాలు. హార్మోనియం పెట్టుకునే నాటక బృందాలవాళ్లు, భజన బృందాలవాళ్లు వీటికి అంకెలు చెబుతారు. సి ఒకటో శ్రుతి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు, బి ఏడు. నల్ల మెట్టుకు అర కలుస్తుంది: సి షార్ప్ ఒకటిన్నర, ఎఫ్ షార్ప్ నాలుగున్నర.

విని నేర్చుకునేవాళ్లకు ఇంత అనువైన వాయిద్యం మరొకటి లేదనే చెప్పాలి. వయొలిన్ మీద స్వరస్థానాన్ని వేలు వెతుక్కోవాలి. వేణువులో ఊపిరిని బట్టి శ్రుతి అటూ ఇటూ అవుతుంది. పియానోలో మెట్టు నొక్కగానే స్వరం తప్పు లేకుండా పలుకుతుంది, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లామో కంటికి కూడా కనబడుతుంది. తప్పు పడితే పక్క మెట్టు నొక్కి చూడటమే.

ఈ సౌకర్యం కోసం ఒకటి వదులుకోవాలి. పియానోను శ్రుతి చేసేటప్పుడు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. మధ్య స్థాయిలోని ఎ స్వరానికి సెకనుకు 440 కంపనాలు. అక్కడి నుంచి మెట్టు మెట్టుకూ దాదాపు 1.0595 రెట్లు పెరుగుతూ పన్నెండో మెట్టు దగ్గర 880 అవుతుంది. లెక్క కుదిరింది కానీ చెవికి కొంచెం తేడా మిగిలింది. తంబురా నాదంలోంచి సహజంగా వినిపించే అంతర గాంధారం పియానో గాంధారం కన్నా ఒక మెట్టు దూరంలో ఏడో వంతు మేర కిందుగా ఉంటుంది. ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టిన కాలంలో విమర్శకులు ఎత్తిచూపిన లోపాల్లో ఇదొకటి. మెట్ల మీద గమకం పలకదన్నది ఇంకొకటి. పియానోకూ ఇదే పరిమితి. తోడి గాంధారాన్ని ఊపడానికి పియానోలో దారి లేదు. పక్క మెట్టును చప్పున తాకి వదిలి, ఊగినట్టు అనిపించేలా చేయడం ఒక్కటే మార్గం. చెన్నై పియానో కళాకారుడు అనిల్ శ్రీనివాసన్, గాయకుడు సిక్కిల్ గురుచరణ్ కలిసి చేసే కచేరీల్లో గమకం గాత్రానిదే, దాని చుట్టూ నాదాన్ని పరిచే బాధ్యత పియానోది. తెలివైన పంపకం అది.

చెవి చేసే పని

శ్రుతిని గుర్తుపట్టే శక్తి రెండు రకాలు. ఏ ఆధారమూ లేకుండా, ఒక స్వరం వినగానే అది ఎఫ్ షార్ప్ అనో బి అనో చెప్పగలగడం నిరపేక్ష శ్రుతిజ్ఞానం. పదివేల మందిలో ఒకరికి ఉంటుందన్నది తరచు వినిపించే అంచనా. చిన్నతనంలోనే సంగీతం మొదలుపెట్టినవాళ్లలో ఇది ఎక్కువ. మాటలో శ్రుతి మారితే అర్థం మారే చైనీస్ వంటి భాషలు మాట్లాడేవాళ్లలో ఇంకా ఎక్కువని డయానా డాయిచ్ బృందం 2006లో బీజింగ్, అమెరికా సంగీత విద్యార్థులను పోల్చి చూపింది. రెండోది సాపేక్ష శ్రుతిజ్ఞానం: షడ్జం ఎక్కడుందో తెలిస్తే మిగతా స్వరాలు దానికి ఎంత దూరంలో ఉన్నాయో పోల్చుకోవడం.

విని వాయించడానికి కావలసింది రెండోదే. మొదటిది ఉంటే పని త్వరగా అవుతుంది, అంతే. అది లేదని వెనకాడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. సంగీతం మేష్టారు సరళీ స్వరాలు ఏ శ్రుతిలో చెప్పినా పిల్లలు ఆ శ్రుతిలోనే అందుకుంటారు. ఒకటో శ్రుతిలో నేర్చుకున్నది ఐదున్నరలో పాడమంటే గొంతు సర్దుకుని పాడేస్తారు. మన షడ్జం మొదటి నుంచీ కదిలేదే. ఐరోపాలో 11వ శతాబ్దపు సన్యాసి గైడో గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని, స్వరాలకు అక్షరాలను స్థిరపరిచాడు. ఆ అక్షరాలను కదిలే షడ్జంతో కలిపి బడిపిల్లలకు నేర్పే పద్ధతి 19వ శతాబ్దంలో ఇంగ్లండులో సారా గ్లోవర్, జాన్ కర్వెన్ల చేతుల్లో రూపు కట్టింది. తర్వాత హంగరీలో జోల్తాన్ కొదాయ్ దారిలో నడిచిన ఉపాధ్యాయులు దాన్ని దేశమంతటా బడుల్లోకి తీసుకెళ్లారు.

మన స్వరజ్ఞానం పియానో మీద ఎలా పనికొస్తుందో మెట్ల మీదే చూడవచ్చు. సి నుంచి తెల్ల మెట్లు వరసగా వాయిస్తే ధీరశంకరాభరణం మెట్లు వస్తాయి. అవే తెల్ల మెట్లను డి షడ్జంగా వాయిస్తే ఖరహరప్రియ, ఇ నుంచి హనుమతోడి, ఎఫ్ నుంచి మేచకల్యాణి, జి నుంచి హరికాంభోజి, ఎ నుంచి నఠభైరవి. బి నుంచి మొదలుపెడితే పంచమం దొరకదు కాబట్టి అది మేళకర్త కాదు. నల్ల మెట్ల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఎఫ్ షార్ప్ షడ్జమైతే ఆ ఐదూ మోహనం. జి షార్ప్ అయితే మధ్యమావతి, ఎ షార్ప్ అయితే హిందోళం, సి షార్ప్ అయితే శుద్ధసావేరి, డి షార్ప్ అయితే శుద్ధధన్యాసి. కచేరీల్లో విద్వాంసులు చేసి చూపించే గ్రహభేదం ఇదే. ఇవి రాగాల అస్థిపంజరాలేనని, గమకం లేనిదే ప్రాణం రాదని సంగీతజ్ఞులు అంటారు, నిజమే. అయినా అప్పుడే పియానో ముందు కూర్చున్న మనిషి తప్పు స్వరం తగలకుండా పది నిమిషాలు వాయించుకోగలిగే చోటు ఆ ఐదు నల్ల మెట్లు.

చెవికీ వేలికీ బంధం ఎంత త్వరగా ఏర్పడుతుందో అమెరికాలోని బోస్టన్‌లో జరిగిన ఒక పరిశోధన చెబుతుంది. అమీర్ లహావ్, ఎలియట్ సాల్ట్‌జ్‌మన్, గాట్‌ఫ్రీడ్ ష్లాగ్ 2007లో దాన్ని ప్రచురించారు. సంగీతం రానివాళ్లకు ఒక చిన్న పాటను విని వాయించడం కొద్ది రోజుల పాటు నేర్పి, తర్వాత చేతులు కదపకుండా ఊరికే వినమన్నారు. నేర్చుకున్న పాట వింటున్నప్పుడు మెదడులో కదలికలకు సంబంధించిన భాగాలు మేల్కొన్నాయి. అంతే బాగా తెలిసినా వాయించడం నేర్చుకోని పాటకు అలా జరగలేదు.

కాగితానికి ముందు, పక్కన, తర్వాత

పాశ్చాత్య సంగీతం మొత్తం కాగితం చూసి వాయించేదేనన్నది మన దగ్గర బలంగా పాతుకున్న నమ్మకం. చరిత్ర అలా లేదు. 18వ శతాబ్దంలో నేపుల్స్ సంగీత పాఠశాలల్లో అనాథ పిల్లలకు పార్టిమెంటో అనే పద్ధతిలో చదువు చెప్పేవారు. కాగితం మీద ఒక్క బేస్ వరస మాత్రమే ఉంటుంది, పైన రావలసిన బాణీ, కార్డ్స్ పిల్లవాడు అప్పటికప్పుడు అల్లుకోవాలి. మొజార్ట్, బీథోవెన్, లిస్ట్ మనోధర్మానికీ పేరుపడ్డవారే. 1770లో పద్నాలుగేళ్ల మొజార్ట్ రోములోని సిస్టీన్ ప్రార్థనాలయంలో అల్లేగ్రి రాసిన బృందగానం విని, బయటికొచ్చి జ్ఞాపకం మీద రాసేశాడని తండ్రి లియొపోల్డ్ ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది.

క్లారా వీక్ కథ ఇంతకన్నా ఉపయోగపడుతుంది. తర్వాత క్లారా షూమన్‌గా ఐరోపా అంతటా కచేరీలు చేసిన ఈమెకు (1819–1896) తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ గురువు. నొటేషన్ చదవడం నేర్పక ముందు చిన్న చిన్న అభ్యాసాలు చెవితోనే చెప్పాడు. ముందు వినాలి, తర్వాత వాయించాలి, ఆ తర్వాతే చదవాలి. ఆమె భర్త రాబర్ట్ షూమన్ యువ సంగీతకారుల కోసం 1850లో ప్రచురించిన సూక్తుల్లో చెవిని తీర్చిదిద్దుకోవడానికే మొదటి స్థానం ఇచ్చాడు. పియానో బోధన పెద్ద సంస్థల చేతికి వెళ్లాక, అచ్చు స్వరలిపి చవకగా ఇంటింటికీ చేరాక ఈ క్రమం తలకిందులైంది. పరీక్ష పెట్టడానికి, మార్కులు వేయడానికి కాగితం సులువు మరి.

విని వాయించడం అమెరికాలో మరో దారి పట్టింది. జార్జియా రాష్ట్రంలో బానిస కుటుంబంలో 1849లో అంధుడిగా పుట్టిన థామస్ విగ్గిన్స్, 'బ్లైండ్ టామ్' పేరుతో బాల్యం నుంచే వేదికలెక్కాడు. ప్రేక్షకుల్లోంచి ఎవరైనా వచ్చి టామ్ ఎన్నడూ వినని రచన వాయిస్తే అతను దాన్ని తిరిగి వాయించి చూపాలి. సభలు కిక్కిరిసేవి, డబ్బు మాత్రం యజమానులకే వెళ్లేది. బానిసత్వం రద్దయ్యాక కూడా సంరక్షకుల పేరుతో అతని సంపాదన ఇతరులే తిన్నారు. ప్రతిభను వింతగా చూపించి అమ్ముకున్న ఆ ప్రచారమే, విని వాయించడం మానవాతీత శక్తి అన్న అపోహకు చాలా వరకు కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

జాజ్ తరంలో అదే పని మామూలు చదువైంది. రంధ్రాల కాగితపు చుట్టతో దానంతట అదే మోగే పియానోలు అప్పుడు ఇళ్లలో, హోటళ్లలో ఉండేవి. జేమ్స్ పి. జాన్సన్ రచన 'కెరొలైనా షౌట్' చుట్టను నెమ్మదిగా తిప్పి, వాటంతట అవే కిందికి దిగుతున్న మెట్లలో వేళ్లు పెట్టి డ్యూక్ ఎల్లింగ్టన్ నేర్చుకున్నాడు. చూపు దాదాపు లేని ఆర్ట్ టేటమ్ (1909–1956) చుట్టలతో పాటు రేడియోనూ గురువుగా చేసుకున్నాడు. ఎరల్ గార్నర్ జీవితంలో నొటేషన్ చదవడం నేర్చుకోలేదు. అతని 'మిస్టీ' 1954 నుంచి ప్రతి జాజ్ కళాకారుడూ వాయించే రచనల్లో చేరిపోయింది. పాటల రచయిత అర్వింగ్ బెర్లిన్ దాదాపు నల్ల మెట్ల మీదే, అంటే నాలుగున్నర శ్రుతిలోనే వాయించేవాడు. వేరే శ్రుతి కావాలంటే మెట్ల కింద ఉన్న మీటను జరిపేవాడు, లోపలి యంత్రం పక్కకు కదిలి శ్రుతి మారేది. అలాంటి పియానో ఒకటి స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో ఉంది. లివర్‌పూల్‌లో పాల్ మెకార్ట్నీ తండ్రి విని వాయించినవాడే, కొడుకూ ఆ దారినే నడిచాడు. స్వరలిపి చదవడం, రాయడం తనకు రాదని ఆయన బాహాటంగానే చెబుతారు.

పాట పట్టుకోవడం: ఒక ఉదాహరణ

కేకు కోసేటప్పుడు పాడే 'హ్యాపీ బర్త్‌డే' బాణీ తెలియనివాళ్లు లేరు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రపు హిల్ అక్కచెల్లెళ్లు 1893లో ప్రచురించిన బడిపాట బాణీ అది. కీబోర్డు కొన్న కొత్తలో చాలామంది దీన్నే ప్రయత్నిస్తారు, చాలామంది ఒకే చోట బోర్లాపడతారు.

జరిగేది ఇదీ. మొదటి స్వరం సి అనుకుని మొదలుపెడతారు. మొదటి వరస తెల్ల మెట్ల మీదే హాయిగా నడుస్తుంది. రెండోదీ అంతే. మూడో వరసలో ఒక్కసారిగా పై స్థాయికి ఎగరాలి, అదీ కుదురుతుంది. నాలుగో వరస మొదట్లో తెల్ల మెట్టు బి నొక్కగానే చెవికి గీసుకున్నట్టు తగులుతుంది. పాట మొదలైన స్వరం షడ్జం అనుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ఆ పాట ఎత్తుగడ పంచమం మీద. సి పంచమమైతే షడ్జం ఎఫ్ అవుతుంది. ఎఫ్ నుంచి శంకరాభరణం వేస్తే మధ్యమం బి పక్కనున్న నల్ల మెట్టు మీద పడుతుంది. పాట మొత్తంలో ఆ మధ్యమం తగిలేది నాలుగో వరసలోనే కాబట్టి అప్పటిదాకా తప్పు బయటపడదు.

కాబట్టి మొదటి పని షడ్జాన్ని పట్టుకోవడం. పాటను మధ్యలో ఎక్కడ ఆపినా ఇంకా ఏదో రావాలనిపిస్తుంది, షడ్జం మీద ఆపితే ఇంటికి చేరినట్టుంటుంది. పాట ఆగాక నోటితో ఆ స్వరాన్ని కూనిరాగం తీసి, పియానో మీద వెతికితే దొరుకుతుంది. రెండో పని గాంధారం ఏదో చూడటం. షడ్జానికి నాలుగు మెట్ల మీది అంతర గాంధారమైతే పాట పాశ్చాత్యులు మేజర్ అనే కుటుంబానిది, మూడు మెట్ల మీది సాధారణ గాంధారమైతే మైనర్. ఇక బాణీ. వరసంతా ఒకేసారి వెతకకుండా చిన్న చిన్న ముక్కలుగా పాడుకుని, పాడినదాన్ని వాయించాలి. పాడటం తప్పనిసరి. గొంతులో లేనిది వేలికి రాదు.

బాణీ వచ్చాక అసలు పరీక్ష ఎడమ చేతిది. శంకరాభరణంలో మూడు స్వరగుత్తులు, అంటే కార్డ్స్, చాలు: స-గ-ప, మ-ద-స, ప-ని-రి. ఏడు స్వరాలూ వీటిలో ఏదో ఒకదానిలో తప్పకుండా ఉంటాయి. కాబట్టి బాణీలోని ఏ స్వరానికైనా ఈ మూడింటిలో ఒకటి సరిపోతుంది. వీటికే ఒకటి, నాలుగు, ఐదు అని పేర్లు. పైన చెప్పిన పుట్టినరోజు పాటలో మొదటి వరస ఒకటి నుంచి ఐదుకు వెళ్తుంది, రెండో వరస ఐదు నుంచి ఒకటికి తిరిగొస్తుంది. మూడో వరస ఒకటి నుంచి నాలుగుకు ఎక్కుతుంది. నాలుగో వరస ఒకటి, ఐదు, ఒకటి అని ముగుస్తుంది. దీనికి ఆరో గుత్తి, ద-స-గ, కలిస్తే ప్రపంచంలోని పాప్ పాటల్లో పెద్ద భాగం చేతికొస్తుంది.

అంకెలతో చెప్పడంలో లాభమేమిటంటే శ్రుతి మారినా అంకె మారదు. అమెరికాలోని నాష్‌విల్ రికార్డింగ్ స్టూడియోల్లో గాయకుడి గొంతుకు తగ్గట్టు చివరి నిమిషంలో శ్రుతి మార్చాల్సి వచ్చేది. 1950ల చివర్లో జోర్డనేర్స్ బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టిన అంకెల పద్ధతి అక్కడ స్థిరపడి, ఆ ఊరి పేరుతోనే చలామణీ అవుతోంది.

ఏ గుత్తి మోగుతోందో తెలియాలంటే పాటలో అన్నిటికన్నా కింద మోగే స్వరాన్ని వినాలి. అదే బేస్. చాలాసార్లు గుత్తి పేరు ఆ స్వరంలోనే ఉంటుంది. అన్నిసార్లూ కాదు. స-గ-పలో గాంధారం కిందికి వస్తే గుత్తి అదే, బేస్ మాత్రం వేరు. ఈ తిరగేసిన రూపాలను పసిగట్టడానికే ఎక్కువ కాలం పడుతుంది, తొందరపడి లాభం లేదు.

తెలుగు చెవి

బాణీ దగ్గర మనవాళ్లకు ఢోకా లేదు. రాగం పేరు తెలియకపోయినా, ఫలానా పాటలా ఉందే అని పోల్చేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ పోలికే స్వరజ్ఞానానికి మొదలు. పద్యనాటకాల్లో హార్మోనిస్టు ముందు కాగితం ఉండదు. నటుడు పద్యం ఎత్తుకున్న క్షణంలో శ్రుతి పట్టి, రాగం పోల్చి, అతను ఊపిరి తీసుకునే సందులో అదే రాగంలో నింపి, వన్స్‌మోర్ అంటే మళ్లీ అందుకోవాలి. ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఏ సంగీత కళాశాలా పెట్టదు.

తెలుగు చర్చిల్లో కీబోర్డు వాయించేవాళ్లది కూడా ఇదే బాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి, సాహిత్యం కింద స్వరాలు ఉండవు. ఎవరో ఒకరు తమకు వీలైన శ్రుతిలో ఎత్తుకుంటారు, సంఘమంతా అందుకుంటుంది. కీబోర్డు ముందున్న కుర్రాడు ఒక వరస గడిచేలోపు షడ్జం కనిపెట్టి కలవాలి. ఇలా వారం వారం కలిసి కలిసి తయారైన చెవులు ఎన్నో మన ఊళ్లలో ఉన్నాయి.

మనకు తక్కువైంది బేస్. ఏకస్వర సంప్రదాయంలో పెరిగిన చెవి పై బాణీని వదిలి కిందికి దిగదు. పదిసార్లు విన్న సినిమా పాటను తీసుకుని, గాయకుడి గొంతు కాకుండా బేస్ గిటార్ వరస పాడమనండి. బాణీని గమకాలతో సహా పాడేవాళ్లు కూడా తడబడతారు. రాగజ్ఞానం ఉంటే కార్డ్స్ వాటంతట అవే వస్తాయన్న మాట నిజం కాదు. పైగా కొన్నిచోట్ల రాగమే అడ్డు నిలుస్తుంది. హిందోళంలో రిషభ పంచమాలు లేవు. ఆ రాగపు పాట కింద షడ్జ గుత్తిని పంచమంతో కలిపి మోగిస్తే రాగం రుచి పలచబడుతుంది. ఇలాంటి చోట్ల ఏ స్వరాన్ని వదిలేయాలో తెలియాలి. సినిమా సంగీతంలో ఇళయరాజా పాటలు ఈ విషయంలో మంచి పాఠాలు. రాగం చెడకుండా కింద బేస్ తనదైన బాణీలా ఎలా నడవగలదో వాటిలో వినవచ్చు. అన్నట్టు, ఆయన వాద్యకారులకు పంచినవి స్టాఫ్ నొటేషన్‌లో రాసిన కాగితాలే. చెవి, కాగితం ఒకే గదిలో పని చేశాయి.

పరికరాలు

టేపు రికార్డర్ల కాలంలో కష్టమైన ముక్కను సగం వేగంతో మోగించి వినేవారు. అలా చేస్తే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది కాబట్టి స్వరాల పేర్లు మారవు. ఇప్పుడు శ్రుతి మారకుండా వేగం ఒక్కటే తగ్గించే సౌకర్యం ఫోన్‌లోనే ఉంది. ఇది నిస్సందేహంగా వరం. పాత రికార్డింగులు కొన్ని రెండు మెట్ల మధ్య శ్రుతిలో ఉంటాయి, ఎంత వెతికినా మెట్టు దొరకదు. అప్పుడు కీబోర్డులో ట్యూనింగ్ సర్దుకోవాలి, చెవిని అనుమానించకూడదు.

ట్రాన్స్‌పోజ్ బటన్ సంగతి వేరు. అన్నీ సి లోనే వాయించి బటన్‌తో శ్రుతి మార్చడం అర్వింగ్ బెర్లిన్ మీటకు నేటి రూపం. బెర్లిన్‌కు పాటలు రాయడం ముఖ్యం కాబట్టి చెల్లింది. నేర్చుకునేవాళ్లు దానికి అలవాటు పడితే బటన్ లేని మామూలు పియానో ముందు చేతులు కట్టుకు కూర్చోవాలి. తెర మీద రంగు పట్టీలు మెట్ల మీదికి రాలుతుంటే చూసి నొక్కే వీడియో పాఠాలు అంతకన్నా నష్టం. అందులో చదవడమూ లేదు, వినడమూ లేదు.

ఎక్కడ ఆగుతుంది

బాక్ ఫ్యూగులో మూడు నాలుగు బాణీలు ఒకదాని మీదొకటి నడుస్తాయి. దాన్ని విని వేరు చేయడం అసాధ్యం కాదు కానీ కాగితం చూసి గంటలో తెలిసేదానికి వారాలు పోతాయి. వేళ్ల క్రమం మరో చిక్కు. చెవి స్వరాన్ని చెబుతుంది, ఏ వేలితో నొక్కాలో చెప్పదు. సొంతంగా నేర్చుకున్నవాళ్లలో బొటనవేలిని వాడనివాళ్లు, పాట వేగం పెరిగితే చిక్కుబడేవాళ్లు తరచు కనిపిస్తారు. మొదటి ఆరు నెలలు చేతి అమరిక చూసే గురువు ఉంటే ఈ బాధ తప్పుతుంది. ఇంకొకటి, చెవికి తెలిసిన దారుల్లోనే వేళ్లు తిరుగుతాయి. వినని సంగీతాన్ని చెవి కనిపెట్టలేదు, కాగితం దాన్ని తెచ్చి ముందు పెడుతుంది.

బోధనలో ఈ రెంటినీ కలిపే ప్రయత్నాలు 20వ శతాబ్దంలో గట్టిగా సాగాయి. పిల్లలు మాతృభాషను ముందు విని, మాట్లాడి, తర్వాతే చదువుతారన్న సూత్రం మీద జపాన్‌లో షినిచి సుజుకి (1898–1998) వయొలిన్ బోధన నిర్మించాడు. తర్వాత అది పియానోకూ వచ్చింది. ఇంట్లో రికార్డు మళ్లీ మళ్లీ వినడం అందులో పాఠంలో భాగం. లండన్‌లో లూసీ గ్రీన్ పాప్ వాద్యకారులు ఎలా నేర్చుకుంటారో అధ్యయనం చేసి, రికార్డు విని వాయించే పద్ధతిని బడుల్లోకి తెచ్చింది. విని వాయించడం, చూసి చదవడం, మనోధర్మం వంటివి వేర్వేరు నైపుణ్యాలనీ, అయినా ఒకదానికొకటి తోడ్పడతాయనీ గ్యారీ మెక్‌ఫర్సన్ పరిశోధన చూపింది. మన దేశంలో పిల్లలు రాసే బ్రిటిష్ గ్రేడ్ పరీక్షల్లో చెవికి సంబంధించిన పరీక్షలు ఉన్నాయి. వాటికి వచ్చేవి కొద్ది మార్కులే కావడంతో చాలాచోట్ల పరీక్షకు ముందు హడావుడిగా కానిచ్చేస్తారు.

పియానో తరగతికి పిల్లలను పంపే తల్లిదండ్రులు గురువును ఒక్క మాట అడగాలి: ప్రతి పాఠంలో పది నిమిషాలు పుస్తకం మూసి, పిల్లకు తెలిసిన పాట ఒకటి విని వాయింపజేస్తారా అని. పెద్దయ్యాక సొంతంగా మొదలుపెట్టేవాళ్లు కార్డ్స్ తక్కువున్న, నెమ్మదైన, గొంతు స్పష్టంగా వినిపించే పాటను ఎంచుకోండి. ముందు పాడండి, షడ్జం పట్టుకోండి, బేస్ కూడా పాడండి, ఆ తర్వాతే మెట్ల మీద చేయి వేయండి. పాట వచ్చాక కొత్త పాటకు పోకుండా, అదే పాటను ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టుకోకుండా ఇంకో రెండు శ్రుతుల్లో వాయించండి.